ఎడమ కాలు అడగని బండి

ఒక ఇనుప కడ్డీని భుజాన వేసుకుని నేను ఆటోనగర్ పాత సామాన్ల వీధిలో నడుస్తున్నాను, నడుస్తున్నానన్నదే నాకు వింతగా ఉంది, ఎందుకంటే ఎడమ కాలికి కట్టుకునే కాలిపర్ లేదు, చేతిలో కర్ర లేదు, అయినా చిన్నప్పుడే పోలియో తినేసిన ఆ కాలు నా బరువునీ కడ్డీ బరువునీ కిక్కురుమనకుండా మోస్తోంది, వీధికి రెండు వైపులా షట్టర్లు సగం దించి ఉన్నాయి, వాటి కిందనుంచి కాలిన నూనె వాసన వస్తోంది, ప్రతి కొట్టు ముందూ వంగి ఈ కడ్డీని పట్టి ఉంచే బ్రాకెట్ ఎక్కడ పెట్టాలో తెలుసా అని అడుగుతున్నాను, లోపల మనిషి కనిపించడు, పక్క కొట్లో అడుగమ్మా అన్న మాట మాత్రం వినిపిస్తుంది, పక్క కొట్లోనూ అదే గొంతు, అదే మాట.

కడ్డీ మూరెడే ఉండాలి. నాకు ఆ సంగతి బాగా తెలుసు, ఎన్నోసార్లు టేపు పెట్టి కొలిచాను. కాని అడుగు వేసిన కొద్దీ అది పెరుగుతోంది, వెనక కొస ఎవరి షట్టరుకో తగిలి గణగణమంటోంది, తిరిగి చూద్దామంటే కడ్డీ కూడా నాతో తిరిగి ఇంకో షట్టరుకు తగులుతోంది, కాళ్ల కింద తారు రోడ్డు ఎప్పుడు అయిపోయిందో తెలియదు, ఇప్పుడు ఇసుక ఉంది, బ్యారేజీ దిగువన ఎండాకాలంలో బయటపడే కృష్ణ ఇసుక, అందులో నట్లు, బోల్టులు, తుప్పు పట్టిన స్ప్రింగులు సగం సగం కూరుకుని ఉన్నాయి, వాటిని తొక్కకుండా నడుస్తూ, ఏడో కొట్టో ఎనిమిదో కొట్టో లెక్క తప్పిన తర్వాత, షట్టరు పూర్తిగా ఎత్తి ఉన్న చోట అన్నయ్య కూర్చుని కనిపిస్తాడు.

అన్నయ్య పోయి ఏడు నెలలైంది. కలలో కూడా నాకు ఆ సంగతి తెలుసు, అయితే దానికి ఏడవాలనిపించదు, ఇన్నాళ్లకు దొరికాడు, ఇవాళ వదలకూడదు అనిపిస్తుంది, ఏదో ఆఫీసులో ఎప్పుడు వెళ్లినా సీట్లో ఉండని మనిషి చివరికి సీట్లో కనిపించినట్టు. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు వదిన తొడిగిన తెల్ల చొక్కానే వేసుకుని ఉన్నాడు. బతికున్నంతకాలం ఆయన చొక్కాలన్నీ నిప్పురవ్వలు పడి జల్లెడలా ఉండేవి. ఈ చొక్కాకు ఒక్క చిల్లు కూడా లేదు, ఇస్త్రీ మడత కూడా చెదరలేదు, వెల్డింగ్ దగ్గర కూర్చోవద్దని చెప్పాలనిపిస్తుంది.

"ఏంటే ఎస్తేరూ, అంత పొడుగు కడ్డీ ఏం చేసుకుంటావు?" అంటాడు.

ఇది నువ్వు కోసిచ్చిందేనని చెబుతాను. నేనా అని ఆశ్చర్యపోతాడు, కడ్డీ కొస చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్ది, కోత బాగానే ఉంది, నాదే అయ్యుంటుంది అంటాడు, మళ్లీ నా చేతిలో పెట్టేస్తాడు, అంతే, ఇక దాని గురించి మాట్లాడడు, టీ తాగావా అని అడుగుతాడు. నాకు ఒళ్లు మండుతుంది.

మా అన్నయ్య పేరు దానియేలు. లారీ చాసిస్‌లు విరిగితే అతికే వెల్డరు, ఆటోనగర్‌లో ఇరవై ఏడేళ్లు అదే షెడ్డు, అదే పని. నేను ఆయనకన్నా ఏడేళ్లు చిన్న. అదే ఆటోనగర్‌లో ఒక వేబ్రిడ్జి గదిలో కూర్చుని, లారీలు పళ్లెం మీదికెక్కి తూకం నిలబడ్డాక చీటీ కొట్టి ఇస్తాను. రోజూ పనికి పక్క చక్రాలున్న స్కూటరు మీద వెళ్లేదాన్ని, ఇప్పటికీ దాని మీదే వెళుతున్నాను. ఆ స్కూటరు మంచిదే. కాని దాని చప్పుడు విన్నవాళ్లు ముఖం చూడకుండానే నేనొచ్చానని చెప్పేస్తారు, సందుల్లో జనం గోడకు అంటుకుని దారిస్తారు, ఆ దారి ఇచ్చే తీరులో ఒక జాలి ఉంటుంది, ముప్పై ఏళ్లుగా ఆ జాలి తింటున్నాను. మూడేళ్ల పైచిలుకు కింద ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ అన్నయ్యను అడిగాను, నాకు రెండు చక్రాల మీద నిలబడే మోటారు సైకిల్ కావాలి, ఎడమ కాలు అడగని బండి చెయ్యగలవా అని.

అన్నయ్య నవ్వలేదు, సర్దిచెప్పనూ లేదు. షెడ్డులోకి తీసుకెళ్లి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, కుడి కాలి మోకాలి నుంచి మడమ దాకా టేపుతో కొలిచి గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. తర్వాతి ఆదివారానికి ఒక పాత చాసిస్ తెచ్చాడు. ఇంకో బండి నుంచి సెల్ఫ్ బటన్‌తో స్టార్టయ్యే ఇంజను, మూడో బండి నుంచి ముందు ఫోర్కు, నాలుగో బండి నుంచి ట్యాంకు, ఇలా ఒక్కొక్కటీ చేరాయి. నేను ఆగిన చోటల్లా కుడి కాలు నేలకు ఆనాలి గనక చాసిస్ వెనక భాగం కోసి సీటు కిందికి దించాడు. మామూలుగా గేరు ఎడమ కాలితో వేస్తారు. నాకు దాన్ని కుడి చేతికి తేవాలి. అందుకని ట్యాంకు పక్కన చేత్తో లాగే ఒక లీవరు, దాని కదలికను ఇంజను కిందుగా ఎడమ వైపుకు మోసుకుపోవడానికి ఒక అడ్డ కడ్డీ. నేను భుజాన మోస్తున్నది ఆ కడ్డీనే. దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్ చాసిస్‌కు ఎక్కడ అతకాలన్నదే ప్రశ్న, వేలెడు అటూ ఇటూ అయినా గేర్లు పడవు.

ఆ ప్రశ్న దాకా రావడానికే రెండేళ్లు పట్టింది. ఫోర్కు చాసిస్ మెడలో కూర్చోవట్లేదన్నాడు. అది కూర్చున్నాక చక్రం ఇరుసు లావైందన్నాడు. ఇరుసును లేతు మీద సన్నం చేయించాక చైను వంకరగా వస్తోందన్నాడు. చైను సరిపడ్డాక, ఇక బ్రాకెట్ ఒక్కటే, అది మాత్రం ఎక్కడ పెట్టినా కుదరట్లేదు అన్నాడు, ఆ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు నడిపాడు. చివరికి ఒక ఆదివారం నేను ఓపిక పట్టలేక, నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పు, వేరేవాళ్లకు ఇచ్చుకుంటాను అన్నాను. ఆయన చేతులు తుడుచుకున్నాడు. ఎనిమిదో రోజున కామెర్లని ఆస్పత్రిలో చేర్చారు. మరో పది రోజులకు అంతా అయిపోయింది.

ఇదంతా కలలో నాకు గుర్తు రావడం లేదు, షెడ్డు గోడ మీద సుద్దతో రాసి ఉంది, నేను చదువుతున్నాను, చదివిన వరసలు చదివినట్టే చెరిగిపోతున్నాయి. అన్నయ్య కూడా నా పక్కన నిలబడి చదువుతూ, లీవరు కాదే, గుండ్రటి నాబు పెడితే ఇంకా బాగుండేది అంటాడు. ఇప్పుడా చెప్పడం అంటాను. వచ్చే నెల ఒకటో తారీఖుకల్లా వదిన షెడ్డు ఓనరుకు అప్పజెప్పాలి, పక్క షెడ్డులో ఇంజన్లు విప్పే ఖాజా ఏడు నెలలుగా ప్రతి ఆదివారం తన పని మానుకుని వచ్చి నాకోసం పాటుపడుతున్నాడు, బ్రాకెట్ మూడు చోట్ల పెట్టి చూశాడు, ఒక చోట రెండో గేరు పడలేదు, ఇంకో చోట కడ్డీ ఇంజనుకు తగిలింది, మూడో చోట అన్ని గేర్లూ పడ్డాయి గాని తిరిగి వెనక్కి రాలేదు, దానియేలు ఎట్టా అనుకున్నాడో ఆయనకే తెలియాలి చెల్లెమ్మా అని పానా కింద పెట్టేశాడు, ఒకటో తారీఖుకు బండి నడవకపోతే దాన్ని ముక్కలు చేసి మళ్లీ ఇదే వీధిలో అమ్మేయాలి, నాలుగు బండ్లవి నాలుగు కొట్లకు పోతాయి, అని ఊపిరి తిప్పుకోకుండా చెబుతాను. అన్నయ్య అంతా విని, ఖాజా మంచోడు, పాపం ఆయన మోకాలి నొప్పి తగ్గిందా అని అడుగుతాడు.

అడిగినదానికి జవాబు చెప్పమని నేను ఆయన చెయ్యి పట్టుకోబోతాను, ఆయన లేచి షెడ్డు వెనక్కి నడుస్తాడు, వెనక గోడ ఉండాల్సిన చోట గోడ లేదు, ఆస్పత్రి వార్డు ఉంది, ఆకుపచ్చ కర్టెన్లు, వరసగా మంచాలు, మంచాల మీద మనుషులు లేరు, మా బండి సామాన్లు పడుకుని ఉన్నాయి, ఇంజనుకు మెడ దాకా దుప్పటి కప్పారు, ట్యాంకు పక్కకు తిరిగి పడుకుంది, సెలైను సీసాల్లోంచి ఒక్కొక్క చుక్కా నూనె దిగుతోంది. అన్నయ్య ఒక్కొక్క మంచం దగ్గర ఆగి, కాలికి కట్టిన చీటీ చదివి, ఇది ఏ బండిది, ఇది ఏ బండిది అని నన్ను అడుగుతాడు. పరీక్షలో అడిగినట్టు నేను చెబుతూ పోతాను. ఆఖరి మంచం ఖాళీగా ఉంది. అది ఆయన పడుకున్న మంచం. దాని ఇనుప చట్రం మీద తెల్ల రంగు ఒక చోట రేగి ఉంటుంది, ఆ పది రోజులూ దాన్ని నేను గోటితో గిల్లుతూ కూర్చున్నాను.

చివరి రెండు రోజులు ఆయనకు మాట లేదు, నోట్లో గొట్టం ఉంది. నన్ను చూసినప్పుడల్లా కుడి చెయ్యి పైకెత్తి, నాలుగు వేళ్లు ఒక పక్క, బొటనవేలు ఒక పక్క పెట్టి, ఆ సందు నాకు చూపించేవాడు. చూపించి చెయ్యి దించేవాడు. నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైందనుకున్నాను, అది కొలత అనుకున్నాను, ఇంజను బోల్టు నుంచి అంత దూరంలో బ్రాకెట్ పెట్టమని చెబుతున్నాడనుకున్నాను. ఖాజాకు ఆ సందు నా వేళ్లతో చూపించి, స్కేలుతో కొలిపించి, రెండు ఆదివారాలు దాని మీదే పడ్డాం.

"అన్నయ్యా, ఆ వేళ్లు దేనికి చూపించావు?" అని అడుగుతాను.

"ఏ వేళ్లు?"

చేసి చూపిస్తాను. ఆయన నా చేతి వైపు చూస్తాడు, గుర్తు తెచ్చుకుంటున్నట్టు తల ఒక పక్కకు వంచుతాడు.

"నీళ్లు," అంటాడు. "గ్లాసు పట్టుకున్నట్టు చూపించా. దాహమేసింది."

నేను ఆ ఖాళీ మంచం మీద కూలబడతాను. నీళ్లు ఇవ్వొద్దన్నారు అని చెప్పాలి, నిజంగానే ఇవ్వొద్దన్నారు, గొట్టం ఉండగా ఇస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందన్నారు, కాని నేను నీళ్లు ఇవ్వకపోవడానికి కారణం అది కాదు, ఆయన అడుగుతున్నది నీళ్లని నాకు తోచనే లేదు, నా బుర్రనిండా బండే ఉంది. తడి గుడ్డతో పెదాలు తుడవడానికైనా ఎవరూ అడ్డు చెప్పేవారు కారు. ఆ మాట చెబుదామని తల ఎత్తితే అన్నయ్య నా భుజం మీద తట్టి, పోన్లేవే, ఇచ్చినా మింగేవాణ్ని కాదు, లే, తూకం వేయాలి పద అంటాడు.

తూకం ఎందుకో నేను అడగను. వార్డు చివరి తలుపు తీస్తే నేను పనిచేసే వేబ్రిడ్జే ఉంది, నేను అద్దం వెనక నా కుర్చీలో కూర్చుని ఉన్నాను, బయట పళ్లెం మీద అన్నయ్య బండి చాసిస్ పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి, అరవై రెండు, యాభై ఎనిమిది, అరవై ఒకటి, అంకె నిలబడితేగాని చీటీ రాదు, కదలకుండా నిలబడు అన్నయ్యా అని మైకులో చెబుతాను, కదిలేది నేను కాదే అంటాడు, వెనక లారీలు క్యూ కట్టాయి, ఏ లారీలోనూ డ్రైవరు లేడు, అయినా అందరూ నా మీద విసుక్కుంటున్నట్టే ఉంది. యాభై ఆరు. అరవై మూడు. పళ్లెం కింద నీరు పారుతున్న చప్పుడు.

ఇక నాకు ఆగదు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉందని తెలిసి కూడా, ఆటోనగర్ అంతా వినిపిస్తుందని తెలిసి కూడా, అడిగేస్తాను. ఇన్ని లారీలు అతికినవాడివి, రెండుగా తెగిన చాసిస్‌ను గీత కనపడకుండా కలిపినవాడివి, ఒక చిన్న బ్రాకెట్ తొమ్మిది నెలలు ఎందుకు కుదరలేదో చెప్పు అంటాను. అన్నయ్య ఇరుసు సంగతి ఎత్తుతాడు. ఇరుసు ఎప్పుడో అయిపోయిందంటాను. వానలు పడ్డాయంటాడు. వానలకూ బ్రాకెట్‌కూ ఏం సంబంధమంటాను. పని ఒత్తిడంటాడు. ప్రతి ఆదివారం నేను వచ్చేసరికి నువ్వు ఖాళీగా కూర్చుని పేపరు చదువుతుండేవాడివి అంటాను. నేనన్న మాట మనసులో పెట్టుకుని పోయానని మాత్రం అనకు, నేను రోజూ అదే తలుచుకుంటున్నాను, నీకు చేతకాదన్న మాట వెనక్కి తీసుకునే లోపలే నువ్వు పోయావు అంటాను. చివరి మాటల దగ్గర నా గొంతు మైకులో పగిలి, కీచుమని వినిపిస్తుంది.

"ఆ మాటకు నేనేం బాధపళ్లా," అంటాడు అన్నయ్య. "నిజం కాని మాటకు ఎవరన్నా బాధపడతారా?"

పళ్లెం మీది అంకె అరవై దగ్గర కాస్త నిదానిస్తుంది.

"కుదిరింది ఎస్తేరూ. కిందటేడు వానల్లోనే కుదిరింది. నాలుగు గేర్లూ పడ్డాయి."

నేను గదిలోంచి బయటికి వస్తాను, తలుపు తీసిన గుర్తు లేదు, ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాను. ఆయన చాసిస్‌ను పిల్లాణ్ని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, నా ముఖం చూడకుండా చెప్పుకుపోతాడు, ఒక మంగళవారం మధ్యాహ్నం బ్రాకెట్ అతికి, కడ్డీ తగిలించి, తువ్వాలుతో తన ఎడమ కాలిని చాసిస్‌కు కట్టేసుకుని, ఎక్కడా దాన్ని వాడకుండా చేతితోనే గేర్లు వేస్తూ వీధి చివరి దాకా వెళ్లి తిరిగి వచ్చానని. కంకర మీద పోయాను, ఆవు అడ్డమొస్తే ఆపాను, కుడి కాలు దించాను, మళ్లీ కదిలించాను అంటాడు.

"పడ్డావా?"

"పళ్లా. అందుకే భయమేసింది. పడుంటే, ఇదిగో కుదరదని నీకు చూపించి ఊరుకునేవాణ్ని."

పడలేదు గనక ఏం చేశాడో అడగాల్సిన పని లేదు. అడగకుండానే చెబుతాడు. గ్రైండరు తీసి, అతికిన దాన్ని అతికినట్టే కోసేశానని, ఆదివారం నువ్వు వచ్చేసరికి ఎప్పటిలాగే పేపరు పట్టుకుని కూర్చున్నానని.

నాకు పదకొండేళ్లప్పుడు, బందరు కాలువ గట్టు మీద, అన్నయ్య సైకిలు ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళుతుంటే, గొయ్యి తప్పించబోయి పడ్డాం. ఆయనకు మోచెయ్యి గీరుకుంది. నాకు ఎడమ తొడ ఎముక విరిగింది, అసలే సన్నటి ఎముక, నాలుగు నెలలు కట్టులో ఉన్నాను. ఆ ముందు దాకా గోడ పట్టుకుని కర్ర లేకుండా నడిచేదాన్ని. ఆ తర్వాత అలా నడవలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు, అన్నయ్య మరీను. ఇప్పుడూ ఎత్తడు. కాని ఆయన మోచేతి మీద తెల్ల చొక్కా చెయ్యి పైకి జరిగి ఉంది, అక్కడి పాత మచ్చ ఇవాళే గీరుకున్నట్టు పచ్చిగా మెరుస్తోంది.

జాలి పడాలి. నాకు జాలి కలగదు. దాదాపు మూడేళ్ల ఆదివారాలు గుర్తొస్తాయి, టేపు పట్టి కొలిచినప్పుడు నేను ఊపిరి బిగబట్టుకోవడం గుర్తొస్తుంది, వీధిలో దారిచ్చే జనమంతా గుర్తొస్తారు, వాళ్లందరిలోకీ పెద్దవాడు ఈయనే అయ్యాడని తెలిసి ఒళ్లంతా మండిపోతుంది.

"దొంగ సచ్చినోడా," అంటాను.

పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యను అంత మాట ఎప్పుడూ అనలేదు. ఆయన మీసం కింద నవ్వు పుట్టి, ఇక ఆ తిట్టు నాకు తగల్దులే అంటాడు. నాకూ నవ్వొస్తుంది, నవ్వు రావడం మీద ఇంకా కోపం వస్తుంది.

ఎక్కడ అతికావో చెప్పు అంటాను. చెబితే ఎక్కుతావు అంటాడు. ఎక్కడానికే గదా అడిగింది అంటాను. ఆయన చాసిస్‌ను మెల్లగా పళ్లెం మీద దించి, వెల్డింగ్ ముసుగు చేతిలోకి తీసుకుని, దాని అద్దం మీది మసిని చొక్కా అంచుతో తుడుస్తాడు, తెల్ల గుడ్డ మీద నల్లటి చార పడుతుంది.

"పడితే లేపటానికి నేను లేను గదే."

"ఉన్నప్పుడు చెప్పలా. లేనప్పుడూ చెప్పవు. ఇంకెప్పుడు చెప్తావు?"

మాట తప్పించుకోవాలంటే బతికుండగా ఏం చేసేవాడో ఇప్పుడూ అదే చేస్తాడు, ముసుగు దించుకుంటాడు. గ్రైండరు ఎక్కడ మొదలైందో గాని మొదలైంది, రవ్వలు లేస్తున్నాయి, తెల్ల చొక్కా మీద ఒక్కొక్క చిల్లూ పడుతోంది, నేను ముసుగు పట్టుకుని పైకి లాగుతాను, అది రాదు, ఏ వైపు అతికావు, ఇంజను పైనా కిందా, లోపలి వైపా బయటి వైపా, ఒక్క మాట చెప్పు చాలు అని అరుస్తాను, నా అరుపు నాకే వినిపించదు, పళ్లెం ఇసుక అవుతుంది, అంకెలు నీళ్లలో పడతాయి, ఆయన నా నుంచి దూరంగా, నది వైపుకు నడిచి వెళుతుంటాడు, తువ్వాలు కట్టిన ఎడమ కాలిని ఈడ్చుకుంటూ, నాలాగే కుంటుకుంటూ, నేను పరుగెత్తబోతాను, ఇంతసేపూ నన్ను మోసిన నా కాలు అప్పుడు మాత్రం నన్ను మోయదు.

నేల మీద మొహం పక్కకు పెట్టి పడుకుని ఉన్నాను. చాప గీతలు చెంపకు గుచ్చుకుంటున్నాయి. షెడ్డు. ఆదివారం. ఖాజా భోజనానికి ఇంటికి వెళ్లాడు, నేను కాలిపర్ విప్పి బండి పక్కనే కాసేపు నడుం వాల్చాను, కరెంటు పోయినట్టుంది, ఫ్యాను ఆగి ఉంది, మెడంతా చెమట. మూడున్నరో నాలుగో అయ్యుంటుంది, సగం దించిన షట్టరు కిందనుంచి ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి నా మొహం మీదుగా బండి కిందికి పోతోంది. నాకు లేవాలనిపించలేదు. కలలో వచ్చిన కోపం పోలేదు, ఎవరి మీదో తెలియకుండా ఛాతీలో అలాగే ఉంది. చిన్నప్పటి నుంచీ నాతో మంచి మాటే మాట్లాడిన అన్నయ్యను, పోయాక, కలలోనైనా దొంగను చేశానని ఇంకో పక్క సిగ్గుగా ఉంది. ఆయన నిజంగా ప్రయత్నించి ఉండొచ్చు, నిజంగా కుదరకపోయి ఉండొచ్చు, నా బుర్రే కథ అల్లి ఉండొచ్చు అనుకుంటూ, ఎదురుగా కనిపించేదాన్ని ఊరికే చూస్తూ పడుకున్నాను.

ఇన్ని నెలల్లో బండిని నేను ఇంత కిందనుంచి ఎప్పుడూ చూడలేదు. ఖాజా మోకాళ్ల నొప్పులతో ఎప్పుడూ స్టూలు మీద కూర్చునే పని చేస్తాడు. చాసిస్ మొత్తానికి అన్నయ్య తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ కొట్టి ఉంచాడు, అంతటా పలచగా, ఇనుము రంగు తెలిసేట్టు. ఇంజను కింద, లోపలి వైపు, రెండు వేళ్ల వెడల్పున మాత్రం రంగు చిక్కగా ఉంది. ఖాజా బ్రాకెట్ పెట్టి చూసిన చోటు కాదది, అయినా అక్కడ రెండు పూతలు వేశారు. ఏటవాలు ఎండకు ఆ మందం అంచు గీతలా కనిపిస్తోంది.

పాకుతూ వెళ్లి గోటితో గీకాను. పెచ్చు లేచింది. కింద ఇనుము నున్నగా లేదు. అడ్డంగా, దగ్గర దగ్గరగా, గ్రైండరు చక్రం లాగిన గీతలు.